సుడులను కొలవాలంటే ఏది ఎంచుకోవాలి: రంగు నీళ్లా, లేజరా, హాట్‌వైరా?

కాలేజీ ప్రాజెక్టుకు టర్బులెంట్ (కల్లోల) ప్రవాహంలో సుడుల అధ్యయనం ఎంచుకున్నవాళ్లు ముందుగా అడిగేది ఏ పరికరం కొనాలి, ఎంతవుతుంది అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీరు చూడాలనుకుంటున్న సుడి ఎంత పెద్దది? సెకనుకు ఎన్నిసార్లు పుడుతుంది? ఈ రెండూ కాగితం మీద రాసుకుంటే సగం పరికరాలు వాటంతటవే జాబితాలోంచి పోతాయి.

దీనికి మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం సుమారు 5.7 మీటర్లు. గాలిలో దాదాపు అందులో సగం, అంటే 2.8 మీటర్ల స్థాయిలో ఉన్న కల్లోలం నుంచి వచ్చే ప్రతిధ్వనినే అది పట్టుకుంటుంది. పది సెంటీమీటర్ల సుడులు ఎన్ని తిరుగుతున్నా దానికి నేరుగా కనబడవు. ప్రతి పరికరానికీ ఇలా ఒక కొలత ఉంటుంది. మీ టేబుల్ మీద పెట్టే కెమెరాకూ ఉంటుంది.

ఈ వ్యాసం మొత్తానికి ఒకే ఉదాహరణ తీసుకుందాం. 10 మిల్లీమీటర్ల మందమున్న గుండ్రని కడ్డీ, దానికి అడ్డంగా ప్రవాహం, కడ్డీ వెనక ఒకదాని తర్వాత ఒకటిగా అటూ ఇటూ విడిపోయే కార్మన్ సుడులు. స్వర్ణముఖి మీది వంతెన స్తంభం వెనక వరదనీటిలో కనిపించేవీ ఈ జాతివే.

ముందు లెక్క

నీటి వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు అనుకోండి. ప్రవాహం నున్నగా సాగుతుందో కల్లోలమవుతుందో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య అంటే వేగాన్ని మందంతో గుణించి, కినెమాటిక్ స్నిగ్ధతతో (ద్రవం చిక్కదనపు కొలత) భాగించడం. పుస్తకాల్లో ఇచ్చే స్నిగ్ధత 20 డిగ్రీల నీటికి: సెకనుకు 1.0 చదరపు మిల్లీమీటరు. దానితో లెక్కిస్తే 1000 వస్తుంది. కానీ తిరుపతిలో తొట్టి నీళ్లు 30 డిగ్రీలుంటే స్నిగ్ధత 0.80, సంఖ్య 1250. మే నెల మధ్యాహ్నం ఎండ తగిలిన ట్యాంకులో నీళ్లు 40 డిగ్రీలకు చేరితే స్నిగ్ధత 0.66, సంఖ్య 1500 దాటుతుంది. అదే కడ్డీ, అదే వేగం, యాభై శాతం తేడా. అందుకని నీటిలో థర్మామీటరు ఉంచి ప్రతి రికార్డింగుకూ ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఇది ఖర్చు లేని పని, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

కడ్డీ వెనక సుడులు విడిపోవడం రెనాల్డ్స్ సంఖ్య 47 దగ్గర మొదలవుతుంది. సుమారు 190 వరకు అవి క్రమంగా, ఒకే తలంలో ఉంటాయి. 300 దాటాక వెనకభాగం టర్బులెంట్ అవుతుంది. మీ ప్రాజెక్టు పేరులో ‘టర్బులెంట్’ అని ఉంటే 300 కింద తీసిన అందమైన ఫొటోలు పనికిరావు.

ఇక ఎన్నిసార్లు అన్నది. సుడులు విడిపోయే లయను చెప్పే స్ట్రౌహల్ సంఖ్య ఈ పరిధిలో సుమారు 0.2. దాన్ని వేగంతో గుణించి మందంతో భాగిస్తే సెకనుకు రెండు చిల్లర వస్తుంది. ఇంత నెమ్మదైన సుడిని మామూలు ఫోను కెమెరా కూడా అందుకోగలదు. అదే కడ్డీని విండ్ టన్నెల్‌లో సెకనుకు 10 మీటర్ల గాలిలో పెడితే రెనాల్డ్స్ సంఖ్య 6000 పైన, సుడులు సెకనుకు 200. అక్కడ ఫోను కెమెరాకు పని లేదు.

నీటి కాలువా, లాగే తొట్టా, విండ్ టన్నెలా?

మొదటిసారి చేస్తున్నవాళ్లకు మా సలహా నీళ్లే. అన్నీ నెమ్మదిగా జరుగుతాయి, రంగు కనబడుతుంది, కణాలు తేలుతాయి.

10 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతున్న కాలువలో సెకనుకు 10 సెంటీమీటర్ల వేగం రావాలంటే సెకనుకు లీటరు నీళ్లు కావాలి, అంటే గంటకు 3600 లీటర్లు. ఎయిర్ కూలర్ పంపు అందులో మూడోవంతు కూడా సరిగా ఇవ్వదు. మోటారును నేరుగా కాలువకు కలిపితే దాని అదురు, మెలికా నీటితోపాటే వస్తాయి. మేడమీది వెయ్యి లీటర్ల ట్యాంకు నుంచి వదిలితే ప్రవాహం ప్రశాంతంగా ఉంటుంది గానీ పదహారు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆ లోపల వేగమూ తగ్గుతుంది. నీటిమట్టం కాలువకు 3 మీటర్ల ఎత్తు నుంచి 2.5 మీటర్లకు దిగితే ప్రవాహం తొమ్మిది శాతం పడిపోతుంది. దీనికి మందు, మధ్యలో పొర్లిపోయే అంచున్న చిన్న తొట్టి. మోటారు అవసరానికి మించి నీళ్లు పోస్తుంది, మిగులు పొర్లి కింద సంపులోకి వెళ్తుంది, కాలువకు అందే ఎత్తు మారదు.

కాలువ మొదట్లో కూల్‌డ్రింక్ స్ట్రాలు కట్టగా పేర్చండి. 6 మిల్లీమీటర్ల వ్యాసం, 6 సెంటీమీటర్ల పొడవు చాలు. వాటి తర్వాత స్టీలు జాలీ. జాలీ తీగ 0.2 మిల్లీమీటర్లకు మించకూడదు. జాలీ కన్నుల్లో నీటి వేగం పెరుగుతుంది కాబట్టి, అంతకు బాగా మించితే తీగ రెనాల్డ్స్ సంఖ్య 47 దాటి జాలీయే తన సుడులు తాను వదులుతుంది. జాలీ నుంచి కడ్డీకి కనీసం 30 కన్నుల (జాలీ గళ్ల) దూరం ఉంచండి.

కడ్డీ మందం కాలువ వెడల్పులో పదోవంతు ఉంటే పక్కగోడలు ప్రవాహాన్ని నొక్కి స్ట్రౌహల్ సంఖ్యను కొద్ది శాతం పెంచుతాయి. అది తప్పు కాదు, రిపోర్టులో చెప్పాలి, అంతే. పదోవంతుకు మించితే మాత్రం కడ్డీ మార్చండి.

రెండో దారి లాగే తొట్టి. నీళ్లు కదలవు, కడ్డీయే కదులుతుంది. పంపు అక్కర్లేదు, ముందస్తు కల్లోలం దాదాపు ఉండదు, మీటరున్నర అక్వేరియం తొట్టి, త్రీడీ ప్రింటర్ బెల్టు, స్టెప్పర్ మోటారుతో అయిపోతుంది. మోటారును మైక్రోస్టెప్పింగ్‌లో నడపకపోతే ఒక్కో అడుగుకూ కడ్డీ వణుకుతుంది. దీని లోటు సమయం. ఒక్కో లాగుడు 15 సెకన్లు, మొదటి కొన్ని సుడులు తీసేస్తే మిగిలేవి ఇరవై చిల్లర. నీళ్లు మళ్లీ నిలకడకు రావడానికి పది పదిహేను నిమిషాలు ఆగాలి. సుడి ఎలా పుడుతుందో చూపాలంటే ఇదే మంచిది. సగటులు, గణాంకాలు కావాలంటే కాలువ వైపు వెళ్లండి.

విండ్ టన్నెల్ కాలేజీలో ఉంటే, ఎక్కువ రెనాల్డ్స్ సంఖ్య కావాలంటే అప్పుడు గాలి. పొగతో చూడాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: 0.1 మిల్లీమీటరు నైక్రోమ్ తీగకు నూనె పూసి కరెంటు ఇచ్చి పొగ గీతలు తీసే పద్ధతి సెకనుకు 2–4 మీటర్ల వేగానికే బాగుంటుంది. ఏడెనిమిదికి చేరితే తీగ వెనకే సుడులు మొదలై గీతలు చెదిరిపోతాయి.

రంగు నీళ్లు: మొదటిరోజుకు, చివరిరోజుకు కాదు

రంగు వేసి చూడటం 1883లో మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రెనాల్డ్స్ గొట్టంలో చేసిన ప్రయోగం నాటి నుంచీ ఉన్నదే. ఖర్చు తక్కువ, ఒక్క పూటలో ప్రవాహం సరిగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఫుడ్ కలర్‌ను అదే తొట్టి నీటిలో కలపండి, లేకపోతే ఉష్ణోగ్రత తేడాకే రంగు పైకో కిందికో పోతుంది. వదలడానికి సెలైన్ సెట్టును మించింది లేదు. దాని చక్రంతో ధార సన్నగా సర్దుకోవచ్చు. ధార బయటికొచ్చే వేగం చుట్టూ నీటి వేగంతో సమానంగా ఉండాలి. ఎక్కువైతే మీరు చూసేది మీ ధారనే.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు సూది. ఒక మిల్లీమీటరు సూదిని కడ్డీకి ముందు ముంచితే 30 డిగ్రీల నీటిలో దాని రెనాల్డ్స్ సంఖ్య 125. అంటే సూదే సుడులు వదులుతుంది, కడ్డీ దగ్గరికి చేరేది అప్పటికే పాడైన ప్రవాహం. 0.3 మిల్లీమీటర్ల సూదికి 37, అది సురక్షితం. ఇంకా మంచిది, బోలు కడ్డీ తీసుకుని ముందు బిందువు నుంచి 60–70 డిగ్రీల దగ్గర రెండువైపులా సన్నని రంధ్రాలు వేసి రంగు అందులోంచే వదలడం.

రంగుతో కొలత మాత్రం చెయ్యకండి, సుడులు విడిపోయే లయ తప్ప. నీటిలో రంగు విస్తరించడం సుడి అరిగిపోవడం కంటే చాలా నెమ్మది. అందుకని దిగువన సుడి నీరసించాక కూడా రంగు చుట్ట అలాగే మిగిలి, అక్కడింకా బలమైన సుడి ఉన్నట్టు భ్రమపెడుతుంది. రంగు గీతలు ఎంత మోసం చేయగలవో పరిశోధకుడు హమా 1962లోనే లెక్కగట్టి చూపాడు. అభ్రకం పొడి కూడా ఇంతే. గూడూరు వైపు అభ్రకానికి పేరున్న ప్రాంతం, పొడి దొరకడం కష్టం కాదు. నీటిలో కలిపితే రేకులు ప్రవాహానికి అనుగుణంగా తిరిగి మెరుస్తాయి, ప్రదర్శనకు అద్భుతంగా ఉంటుంది. వేగం మాత్రం దాని నుంచి రాదు.

పీఐవీ: ఎక్కువమందికి సరైన ఎంపిక

పార్టికల్ ఇమేజ్ వెలాసిమెట్రీలో నీటిలో సన్నని కణాలు కలిపి, పలుచని లేజర్ పొరతో వెలిగించి, వరుసగా రెండు ఫొటోలు తీసి, కణాల గుంపు ఎంత జరిగిందో కంప్యూటరుతో లెక్కిస్తారు. ఒకేసారి మొత్తం తలం మీద వేగం వస్తుంది. సుడిని సుడిగా చూపేది ఇదే. రెండు పల్సుల ఎన్‌డీ-యాగ్ లేజరుతో వచ్చే పూర్తి వ్యవస్థ ధర లక్షల్లో ఉంటుంది. దాన్ని కొనే ఆలోచన మానుకోండి. సెకనుకు 10 సెంటీమీటర్ల నీటికి ఫోను చాలు, అది ఎలాగో చూడండి.

240 ఫ్రేముల స్లో మోషన్, 1080పీ, కెమెరాకు అందే వెడల్పు 100 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు 19 పిక్సెళ్లు. రెండు ఫ్రేముల మధ్య నీళ్లు జరిగేది 0.42 మిల్లీమీటర్లు, అంటే 8 పిక్సెళ్లు. 32 పిక్సెళ్ల కిటికీతో (కణాల గుంపును చూసే చదరం) లెక్కించేవాళ్లకు జరుగుడు అందులో నాలుగోవంతు మించకూడదన్నది నియమం, అంటే సరిగ్గా 8. ఎక్స్‌పోజరు వెయ్యోవంతు సెకను పెడితే కణం రెండు పిక్సెళ్ల మేర సాగుతుంది, ఫరవాలేదు. ఫోనులో 720పీ మాత్రమే వస్తే జరుగుడు 5 పిక్సెళ్లు. అదీ పనికొస్తుంది. 30 ఫ్రేములతో చేయబోతే 63 పిక్సెళ్లు జరుగుతుంది, పైగా కణాలు లేజర్ పొర దాటి బయటికి పోతాయి, ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

కణాలకు 10 మైక్రాన్ల బోలు గాజు గోళాలు కొనండి. కొద్ది గ్రాములే పడుతుంది. ఇంట్లో ఉంది కదా అని ముగ్గుపిండి వేయకండి. 50 మైక్రాన్ల రాతిపొడి సెకనుకు దాదాపు 3 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, అంటే మీ నిలువు వేగంలో ఎప్పుడూ ఆ తప్పు కలిసే ఉంటుంది. బోలు గోళం దిగేది అందులో వందోవంతు కన్నా తక్కువ. ఒక్కో కిటికీలో ఎనిమిది పది కణాలు పడేంత కలపాలి. ఒక్కో కణం చిత్రంలో 2–3 పిక్సెళ్లుండాలి. ఒక్క పిక్సెల్ కంటే చిన్నదైతే కొలిచిన జరుగుడంతా పూర్ణసంఖ్యల దగ్గర గుమిగూడుతుంది. జరుగుడులోని దశాంశ భాగానికి హిస్టోగ్రాం గీస్తే ఇది వెంటనే బయటపడుతుంది. ఫోకస్ రవ్వంత సడలిస్తే చాలావరకు పోతుంది.

ఫోనులో సర్దాల్సినవి: ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి, స్టెబిలైజేషన్ ఆపాలి, బిట్‌రేటు గరిష్ఠంగా ఉంచాలి. కంప్రెషన్ ముందుగా మింగేసేది చిన్న కణాలనే. ఫోను చెప్పిన 240 నిజంగా 240 అవునో కాదో, వేగం తెలిసిన ఎల్‌ఈడీ మినుకును రికార్డు చేసి సరిచూడండి. కొన్ని ఫోన్లు 120 తీసి మధ్య ఫ్రేములు కల్పిస్తాయి. అలాంటి ఫోను పీఐవీకి పనికిరాదు.

లేజరు ఆకుపచ్చది, 532 నానోమీటర్లు. దాని కిరణానికి అడ్డంగా 5–6 మిల్లీమీటర్ల గాజు కడ్డీ పెడితే పొరగా విచ్చుకుంటుంది. మందం ఒకటిన్నర మిల్లీమీటరుంటే చాలు. వెయ్యోవంతు సెకను ఎక్స్‌పోజరుకు 100 మిల్లీవాట్ల స్థాయి లేజరు కావాలి, అది 3బీ తరగతిది, కళ్లు పోగొట్టగలదు. చౌక ఆకుపచ్చ లేజర్లలో కంటికి కనబడని 808, 1064 నానోమీటర్ల కిరణాలు కూడా బయటికొస్తాయి. కళ్లద్దాలు వాటినీ ఆపేవి కావాలి, ఎండకు పెట్టుకునే నల్లద్దాలు కావు. పొర కంటి ఎత్తులో ఉండకూడదు, తొట్టి అవతల నల్లరంగు పలక పెట్టాలి, గడియారం, ఉంగరాలు తీసేయాలి. ఇంటర్, హైస్కూలు పిల్లలతో చేయిస్తుంటే లేజరు వద్దేవద్దు. బలమైన ఎల్‌ఈడీ ముందు సన్నని చీలిక పెట్టండి, పొర 5 మిల్లీమీటర్లు వస్తుంది, కణాలు కాస్త పెద్దవి వేసుకుంటే పెద్ద సుడులు బాగానే కనబడతాయి.

కడ్డీ నీడ ఒకవైపు పడి ఆ భాగంలో వెక్టర్లు (వేగం, దిశ చూపే బాణాలు) చెత్తగా వస్తాయి. పారదర్శక అక్రిలిక్ కడ్డీ కొంత మేలు. ఇంకా మేలైనది ఎదురువైపు సన్నని అద్దం పట్టీ పెట్టి వెలుగును వెనక్కి పంపడం.

లెక్కకు పీఐవీల్యాబ్ లేదా పైథాన్ వస్తే ఓపెన్‌పీఐవీ. సగటు చిత్రాన్ని ప్రతి ఫ్రేములోంచి తీసేసి, 64 పిక్సెళ్ల కిటికీతో మొదలుపెట్టి 32కు దిగి, సగం అతివ్యాప్తితో నడపండి. తప్పుడు వెక్టర్లు ఐదు శాతం దాటితే సాఫ్ట్‌వేరు సెట్టింగులు తిప్పడం ఆపి చిత్రాల దగ్గరికి వెళ్లండి. రాత్రే నీళ్లు నింపి తెల్లవారి చేస్తే కడ్డీకి అంటుకునే గాలి బుడగలు తగ్గుతాయి. బోరు నీళ్లైతే గాజు మీద తెల్ల పొర కడుతుంది, వాడాక తుడిచి ఆరబెట్టండి.

ఈ పద్ధతి చూడలేనిది చిన్న సుడి. 32 పిక్సెళ్లంటే 1.7 మిల్లీమీటర్లు. కోల్మొగరోవ్ 1941 సిద్ధాంతం ప్రకారం అతిచిన్న సుడి పరిమాణం, కడ్డీ మందాన్ని రెనాల్డ్స్ సంఖ్య ముప్పావు ఘాతంతో భాగిస్తే స్థూలంగా వస్తుంది. మన ఉదాహరణలో అది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అందుకని ఫోను పీఐవీతో శక్తి క్షయం (సుడుల శక్తి వేడిగా మారే రేటు) లెక్కగట్టామని రాస్తే పరీక్షకు వచ్చినవాళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా.

హాట్‌వైర్ ఎప్పుడు

గాలిలో, ఒకే బిందువు దగ్గర, సెకనుకు వేల కొలతలు, స్పెక్ట్రమ్ (ఏ లయలో ఎంత శక్తి ఉందో చూపే గీత) కావాలంటే హాట్‌వైర్‌కు సాటి లేదు. 5 మైక్రాన్ల టంగ్‌స్టన్ తీగ, మిల్లీమీటరు పైచిలుకు పొడవు. కరెంటుతో వేడెక్కిన ఆ తీగను గాలి ఎంత చల్లారుస్తుందో చూసి వేగం చెబుతుంది. సుడి ఆకారం చూపదు, లయ, శక్తి పంపకం చూపుతుంది. తీగకు ప్రవాహం ఎదురొచ్చిందో వెనకొచ్చిందో తెలియదు. కాబట్టి కడ్డీ వెనక మొదటి రెండు మూడు మందాల దూరంలో, నీళ్లైనా గాలైనా వెనక్కి మళ్లే చోట, దాని అంకెలు అర్థం లేనివి.

మన ఊళ్లలో దీని పెద్ద శత్రువు ఉష్ణోగ్రత. గది ఒక డిగ్రీ మారితే వేగంలో దాదాపు రెండు శాతం తప్పొస్తుంది. ఉదయం ఎనిమిదికి కాలిబ్రేట్ చేసి మధ్యాహ్నం రెండుకు కొలిస్తే అది వృథా. కొలతకు ముందు, వెనక రెండుసార్లూ కాలిబ్రేట్ చేయాలి, లేదా తెల్లవారుజామునే ముగించాలి. పీటో గొట్టంతో (గాలి పీడనం నుంచి వేగం చెప్పేది) కాలిబ్రేట్ చేసేటప్పుడు సెకనుకు 10 మీటర్ల గాలికి వచ్చే పీడనం 57 పాస్కళ్లు, నీటిలో 6 మిల్లీమీటర్లు కూడా లేదు. రెండు మీటర్లకైతే 2.3 పాస్కళ్లు, మామూలు మానోమీటరు చదవలేదు. తక్కువ వేగాల్లో మంచి మైక్రోమానోమీటరు లేకుండా హాట్‌వైర్ జోలికి పోవద్దు. ఎండాకాలపు దుమ్ము తీగ మీద పేరుకుంటే స్పందన మారుతుంది, టన్నెల్ నోటికి ఫిల్టరు గుడ్డ కట్టండి.

స్పెక్ట్రమ్‌లో శిఖరం రాగానే సంబరపడకండి. మన లెక్కలో సుడుల లయ 200 హెర్ట్జ్, అది కరెంటు 50 హెర్ట్జ్‌కు నాలుగింతలు! ఏది ఏదో తెలియదు. వేగం తొమ్మిదికి దించితే సుడుల శిఖరం 180 వైపు జరుగుతుంది, కరెంటుది జరగదు. కానీ ఫ్యాను రెక్కల శిఖరం కూడా వేగంతోపాటే జరుగుతుంది. నాలుగు రెక్కలు నిమిషానికి 1440 తిరిగితే 96 హెర్ట్జ్, దాని రెండింతలు 192. కాబట్టి కడ్డీ తీసేసి ఒకసారి కొలవండి. అప్పుడూ నిలిచిందంటే అది ఫ్యాను. లయ ఒక్కటే కావాలనుకుంటే గోడ రంధ్రంలో చిన్న మైక్రోఫోను పెట్టినా పనవుతుంది, హాట్‌వైర్ ఖర్చే అక్కర్లేదు.

కణాల నుంచి చెదిరిన లేజర్ వెలుగులోని మార్పుతో వేగం కొలిచే లేజర్ డాప్లర్ పద్ధతికి కాలిబ్రేషన్ అక్కర్లేదు, వెనక్కి మళ్లే ప్రవాహాన్నీ గుర్తిస్తుంది, కానీ కొనడం విద్యార్థి పని కాదు. ఎస్వీ యూనివర్సిటీలోనో ఏర్పేడు ఐఐటీలోనో గైడు ద్వారా విచారించి, ఎవరి దగ్గరైనా ఉంటే సమయం అడగండి. సివిల్ వాళ్లు వంతెన స్తంభం మొదట్లో గుర్రపునాడా సుడి, ఇసుక కోత చూడాలనుకుంటే అకౌస్టిక్ డాప్లర్ (ధ్వనితో కొలిచే) ప్రోబ్ నయం. బురద నీళ్లలో కూడా పనిచేస్తుంది. అది కొలిచేది మొనకు ఐదు సెంటీమీటర్ల అవతల, కొన్ని మిల్లీమీటర్ల ముద్దలో. అడుగు ఇసుకకు మరీ దగ్గరైతే ప్రతిధ్వని కలిసి అంకెలు పాడవుతాయి.

వెక్టర్లలో సుడి ఎక్కడుంది?

పీఐవీ తర్వాత చాలామంది వర్టిసిటీ (ప్రవాహం ఎక్కడికక్కడ ఎంత తిరుగుతోందన్న కొలత) రంగుల చిత్రం గీసి ఎర్రగా ఉన్నదంతా సుడి అంటారు. కడ్డీ పక్కన వేగం చప్పున మారే పొరలోనూ వర్టిసిటీ ఎక్కువే, అక్కడ సుడి లేదు. సుడిని గుర్తించే సూత్రాలైన 1988 నాటి క్యూ ప్రమాణం, 1995 నాటి లాంబ్డా-2 ఈ రెంటినీ విడదీస్తాయి. అయితే రెండూ వేగాల తేడాల మీద ఆధారపడినవి. మన ఉదాహరణలో జరుగుడులో 0.1 పిక్సెల్ తప్పుంటే వర్టిసిటీలో అది సెకనుకు 1.5 అవుతుంది. వేగాన్ని కడ్డీ మందంతో భాగిస్తే వచ్చే ప్రమాణమే 10. పదిహేను శాతం గరుకు (నాయిస్) మీద మళ్లీ వర్గాలు తీస్తే క్యూ చిత్రం నిండా మచ్చలే. ఫోను డేటాకు 2001లో ప్రతిపాదించిన గామా-1, గామా-2 మేలు. గామా-1 కేంద్రాన్ని, గామా-2 అంచును చూపుతాయి, తేడాలు తీయకుండా చుట్టూ ఉన్న వెక్టర్ల దిశతోనే లెక్కిస్తాయి. గామా-2 విలువ 2/π, అంటే 0.64 దాటిన చోటును సుడిగా తీసుకోండి.

రికార్డింగు ఎంతసేపు అన్నది చివరిదాకా ఎవరూ పట్టించుకోరు. కల్లోల తీవ్రత 20 శాతం ఉన్నచోట సగటు వేగం ఒక శాతం లోపు తప్పుతో కావాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని 400 కొలతలు కావాలి. మన సుడులు సెకనుకు రెండు, కాబట్టి సెకనుకు ఒక్క స్వతంత్ర కొలత కంటే ఎక్కువ దొరకదు. ఏడు నిమిషాల రికార్డింగు తప్పదు. 240 ఫ్రేముల చొప్పున అది లక్షకు దగ్గర, లాప్‌టాప్ మోయలేదు. మొత్తం వీడియో తీసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాంతో ప్రతి సెకనుకూ పక్కపక్కన ఉన్న రెండేసి ఫ్రేములు మాత్రం బయటికి తీయండి: 400 జతలు, ఒక రాత్రిలో లెక్క అయిపోతుంది. లయ కోసం విడిగా ఒక నిమిషం నిడివి ముక్కను ప్రతి ఎనిమిదో ఫ్రేమూ దాని పక్కదీ తీసి లెక్కించుకోండి. అందులో స్ట్రౌహల్ సంఖ్య 0.20–0.22 మధ్య రాకపోతే మిగతా ఏ చిత్రమూ గీయకుండా ముందు స్కేలు, ఫ్రేము రేటు, నీటి వేగం మళ్లీ సరిచూడండి.